గట్టు లెక్క తప్పితే.. గుంటలు గల్లంతు!
జ్యామితిలో 'ఎందుకు' అని అడగని చదువు

హుజూర్‌నగర్: ఒక చేనుకు నాలుగు గట్లు. ఎదురెదురు గట్లు సమానం. ఒక జత 100 గజాలు, మరో జత 50 గజాలు. విస్తీర్ణమెంత? రెంటినీ గుణించి 5,000 చదరపు గజాలని వెంటనే బదులిచ్చే విద్యార్థే తరగతిలో చురుకైనవాడు అనిపించుకుంటాడు. 'ఇచ్చిన కొలతలు చాలవు' అన్నది దీనికి సరైన జవాబు. ఆ మాట ధైర్యంగా, కారణంతో సహా చెప్పగలగడమే విమర్శనాత్మక ఆలోచన. పదో తరగతి దాటేనాటికి ఎందరు విద్యార్థులకు అది అలవడుతోందన్నది ఆలోచించాల్సిన విషయం.

కొలతలు అవే.. విస్తీర్ణం వేరు
మూలలు లంబకోణాలైతే ఆ చేను 5,000 చదరపు గజాలే. మూలలు ఒరిగి, పొడవైన రెండు గట్ల మధ్య లంబదూరం 40 గజాలే ఉంటే విస్తీర్ణం 4,000 చదరపు గజాలకు పడిపోతుంది. గట్ల పొడవు మాత్రం అంగుళం కూడా మారదు. 121 చదరపు గజాలు ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. అంటే ఎకరానికి పైనే అనుకుని కొన్న రైతుకు దక్కేది 33 గుంటలే. సాగర్ ఎడమ కాలువ నీరు పారే హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో గుంట నేల విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎదురెదురు గట్ల సగటు తీసి గుణించే వాడుక లెక్క, మూలలు లంబంగా లేనిచోట విస్తీర్ణాన్ని ఎప్పుడూ ఎక్కువ చేసే చూపుతుంది. కర్ణం కూడా కొలిచి చేనును రెండు త్రిభుజాలుగా విడగొడితేనే లెక్క తేలుతుంది. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం కదలదు. నాలుగు భుజాలు తెలిసినా చతుర్భుజం ఒరిగిపోతుంది.

నిరూపణా బట్టీయే
రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం-2011 మేరకు రూపొందిన గణిత పుస్తకాలు సమస్యా సాధనతో పాటు కారణాలు చెప్పడం, నిరూపించడాన్నీ విద్యా ప్రమాణంగా నిర్దేశించాయి. ఆచరణలో నిరూపణ కూడా కంఠస్థ పాఠంగా మారుతోంది. థేల్స్ సిద్ధాంతాన్ని ఏబీసీ త్రిభుజంతో తడుముకోకుండా ఒప్పజెప్పిన విద్యార్థి, అదే పటాన్ని తిప్పి పీక్యూఆర్ అని పేరు పెడితే తికమకపడటం గణిత ఉపాధ్యాయులకు కొత్త కాదు. 2024 డిసెంబరు 4న దేశవ్యాప్తంగా జరిగిన 'పరఖ్' రాష్ట్రీయ సర్వేక్షణ్‌లో గణితంలో సగటు సామర్థ్యం మూడో తరగతిలో 60 శాతం ఉండగా, ఆరులో 46, తొమ్మిదిలో 37 శాతమే నమోదైంది.

ఇందుకు పిల్లలను నిందించి ప్రయోజనం లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు వాన్ హీలేలు 1957లోనే జ్యామితి అవగాహన మెట్లు మెట్లుగా ఎదుగుతుందని ప్రతిపాదించారు. ఆకారాన్ని చూసి గుర్తించడం మొదటిది. దాని ధర్మాలను తెలుసుకోవడం, ఆ ధర్మాల మధ్య సంబంధాన్ని గ్రహించడం తర్వాతివి. నిరూపణ ఆపైన వస్తుంది. కింది మెట్టు ఎక్కని విద్యార్థికి పై మెట్టు పాఠం చెబితే అతనికి బట్టీయే శరణ్యం.

ఖర్చు లేని మార్గం
సమానమైన నాలుగు చీపురు పుల్లల కొసలను దారంతో కట్టి చతురస్రం చేసి, ఒక మూలను నెట్టి చూపితే చాలు. చుట్టుకొలత మారకుండానే వైశాల్యం తగ్గడం పిల్లల కళ్లకు కడుతుంది. కర్ణంగా మరో పుల్ల కడితే ఆకారం బిగుసుకోవడమూ తెలుస్తుంది. సూత్రం రాసే ముందు ఏమిచ్చారు, ఇంకేం కావాలి, ఇది ఎందుకు నిజం అన్న మూడు ప్రశ్నలకు తరగతిలో ఐదు నిమిషాలు కేటాయించడం కష్టమేమీ కాదు. పాఠశాల కాంప్లెక్స్ సమావేశాల్లో ఉపాధ్యాయులు ఇలాంటి ప్రశ్నలను కలిసి తయారుచేసుకోవచ్చు. అయితే మార్కులున్న చోటికే బోధన మళ్లుతుందన్నది కాదనలేని సత్యం. ప్రశ్నపత్రంలో 'ఈ కొలతలు సరిపోతాయా? ఎందుకు?' అన్న ప్రశ్న ఒక్కటైనా ఏటా కనిపించాలి. అప్పుడే 'చాలవు' అన్న జవాబుకూ మార్కులు పడతాయి, విద్యార్థికి ఆలోచించే అలవాటూ పడుతుంది.