భిలాయి ఉక్కు: విధేయతకు ఆధారం వేతనమా, విశ్వాసమా?

దేశ రైలు మార్గాలకు దశాబ్దాలుగా పట్టాలు అందిస్తున్న భిలాయి ఉక్కు కర్మాగారం ముందు నేడు రెండు ప్రశ్నలు ఉన్నాయి. కార్మికుడు ఈ కర్మాగారాన్ని తనదిగా ఎందుకు భావించాలి? కొనుగోలుదారు మరొక ఉత్పత్తిదారు వైపు చూడకుండా ఎందుకు నిలవాలి? చూడడానికి ఇవి వేర్వేరు ప్రశ్నలే అయినా, రెండింటికీ మూలం ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడంలోనే ఉన్నదని ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కునగరం అనుభవం చెబుతోంది.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం భిలాయికి పునాది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం చుట్టూ సెక్టార్లుగా ఒక పట్టణమే వెలసింది. క్వార్టరు, పాఠశాల, సెక్టార్ 9 ఆసుపత్రి, మైత్రీ బాగ్ ఉద్యానం ఉద్యోగి జీవితంలో భాగమయ్యాయి. ఉపాధి వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు సైతం ఇక్కడే స్థిరపడ్డాయి. వారి పిల్లలకు స్వస్థలం ఏదంటే భిలాయే. నెల జీతం ఒక్కటే ఇంతటి బంధాన్ని అల్లలేదు. ఉద్యోగ భద్రత, పిల్లల చదువు, వైద్యం కలిసి అల్లాయి.

అయితే ఈ భద్రత అందరికీ దక్కలేదు. భిలాయి కార్మికులపై సుదీర్ఘ కాలం పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువడిన గ్రంథంలో ‘నౌకరీ’కి, ‘కామ్’కు గల అంతరాన్ని వివరించారు. మొదటిది భద్రత గల ఉద్యోగం. రెండవది ఏ రోజుకు ఆ రోజు దొరికే పని. 1980వ దశకంలో గనులతో కలిపి భిలాయిలో శాశ్వత ఉద్యోగులు 60 వేలకు పైగా ఉండేవారు. నేడు సెయిల్ సంస్థలోని అన్ని కర్మాగారాలలో కలిపినా ఆ సంఖ్య 60 వేల లోపే. ఉత్పత్తి సామర్థ్యం పెరిగింది. పనిలో గణనీయ భాగం కాంట్రాక్టు కార్మికుల చేతికి మారింది. ఒకే షెడ్డులో ఒకే వేడిని భరించే ఇద్దరికి వేర్వేరు వేతనాలు, వేర్వేరు భవిష్యత్తులు ఉన్నప్పుడు ఇద్దరి నుంచీ ఒకే స్థాయి నిబద్ధతను ఆశించడం కష్టం.

ఈ పరిణామానికి భిలాయి పరిసరాలలోనే ఒక పూర్వ ఉదాహరణ ఉంది. దల్లీ రాజహరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు 1977 నుంచి శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘటితమయ్యారు. యాజమాన్యం ఇవ్వని వైద్యాన్ని తామే సమకూర్చుకుంటూ 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పారు. 1991 సెప్టెంబరు 28న నియోగి హత్యకు గురయ్యారు. అయినా ఆ ఆసుపత్రి నిలిచింది. ఆదుకున్న వారి వైపే విధేయత ప్రవహిస్తుందనడానికి ఇది నిదర్శనం.

శాశ్వత ఉద్యోగులలోనూ అసంతృప్తి లేకపోలేదు. 2017 జనవరి 1 నుంచి వర్తించవలసిన వేతన సవరణపై అవగాహన ఒప్పందం 2021 అక్టోబరులో గానీ కుదరలేదు. పెంపు చెల్లింపు 2020 ఏప్రిల్ నుంచి మొదలు కావడంతో అంతకు ముందరి 39 నెలల బకాయిలు వివాదాంశంగా మిగిలాయి. భద్రత విషయంలోనూ గాయాలున్నాయి. 2014 జూన్‌లో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద చెలరేగిన మంటలు పది మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఉదయం విధులకు వెళ్లిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరతాడన్న నమ్మకం సడలితే, ఏ ప్రోత్సాహక పథకమూ దాని స్థానాన్ని భర్తీ చేయలేదు.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ గమనార్హం. అసంతృప్తి కలిగినప్పుడు మనిషి ముందు రెండు మార్గాలుంటాయి: సంస్థను విడిచిపోవడం లేదా లోపల ఉండి గళం విప్పడం. విధేయత ఉన్నవాడు వెంటనే వెళ్లిపోడు, ముందు గళం విప్పుతాడు. విశాఖ ఉక్కులో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపినప్పుడు కార్మికులు వీధిలోకి వచ్చింది అందుకే. ఆ నిరసనలో సంస్థపై కోపం కన్నా సంస్థ తమదన్న భావనే బలంగా వినిపించింది. నిరసన గళం కన్నా నిశ్శబ్దమే యాజమాన్యాలను ఎక్కువగా కలవరపరచాలి.

కొనుగోలుదారు విషయమూ ఇందుకు భిన్నం కాదు. చాలా కాలం భారతీయ రైల్వేకు పట్టాల సరఫరాలో భిలాయికి పోటీయే లేదు. మార్గాల పునరుద్ధరణ ఊపందుకుని అవసరం సరఫరాను మించడంతో 2017లో రైల్వే అంతర్జాతీయ టెండరు పిలిచింది. 2018లో ఆ ఆర్డరులో కొంత భాగం అదే రాష్ట్రంలోని రాయగఢ్‌లో పట్టాలు తయారుచేసే జిందాల్ సంస్థకు దక్కింది. ప్రత్యామ్నాయం లేని కాలంలో నిలిచిన కొనుగోలుదారును విధేయుడిగా లెక్కించడం పొరపాటని ఈ పరిణామం స్పష్టం చేసింది. 130 మీటర్ల పొడవైన పట్టాలను తయారుచేసే యూనివర్సల్ రైల్ మిల్లు ఇప్పుడు భిలాయికి బలం. కానీ ఆ పట్టా నాణ్యత, గడువులోగా సరఫరా చివరకు మిల్లు వద్ద నిలబడిన కార్మికుడి శ్రద్ధపైనే ఆధారపడతాయి.

కనుక భిలాయి ముందున్న కర్తవ్యం కేవలం యంత్రాల ఆధునికీకరణ కాదు. బకాయిల వివాదానికి ముగింపు, కాంట్రాక్టు కార్మికుడికి సైతం సమానమైన రక్షణ, ప్రమాదాన్ని ముందే హెచ్చరించిన వాడి మాటకు విలువ — ఇవి సమకూరితేనే తొలి తరం కట్టిన విశ్వాసం తరువాతి తరానికి అందుతుంది.