ఆట మనది, మాట ఎవరిది?

స్త్రీల హక్కుల పత్రికలో ఆటల మీద సంపాదకీయం ఏమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. గృహహింస, కూలి రేట్లు, పని స్థలాల్లో వేధింపులు, ఇన్ని సమస్యలు ఎదురుగా ఉండగా అష్టాచమ్మా గురించి మాట్లాడుకోవాలా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం దాగి ఉంది. స్త్రీకి తీరిక అనేది పనులన్నీ అయ్యాక మిగిలితే వాడుకునే వస్తువే తప్ప అడిగి తీసుకోవలసిన హక్కు కాదనే నమ్మకం అది. దాన్ని ప్రశ్నించడానికే ఈసారి ఆటల్ని, ఆటల గురించిన మాటల్ని చర్చకు పెడుతున్నాం.

పాడ్‌కాస్ట్ అనే మాట 2004లో పుట్టింది. రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే ఫోనులో ఎప్పుడు కావలిస్తే అప్పుడు వినొచ్చు. స్టేషను, లైసెన్సు అక్కర్లేదు. ఈ సాధనాన్ని మొదట్లోనే అందిపుచ్చుకున్న వాళ్ళలో బోర్డు ఆటల అభిమానులున్నారు. అమెరికాలో ‘డైస్ టవర్’ అనే కార్యక్రమం 2005లోనే మొదలైంది. ఇలాంటి వాటిలో కొత్త ఆటల బాగోగులు చెబుతారు, నియమాల మీద వాదించుకుంటారు, ఆటల చరిత్ర తవ్వుతారు. కొన్నిటిలో ఆటే కార్యక్రమం. 2015లో మొదలైన ‘క్రిటికల్ రోల్’లో కొందరు నటీనటులు ఒక బల్ల చుట్టూ కూచుని, పాచికలు వేస్తూ కథ అల్లుకుంటూ పోతారు. 2019లో వాళ్ళు యానిమేషన్ చిత్రానికి చందాలు అడిగితే అభిమానులు 1 కోటి 13 లక్షల డాలర్ల పైనే ఇచ్చారు. నలుగురు కూచుని ఆడుకుంటూ చెప్పుకున్న కబుర్లకి అంత విలువ కట్టింది లోకం.

మరి ఆ మాటలు ఎవరివి? ఆ రంగంలో చాలాకాలం వినిపించింది ఎక్కువగా మగ గొంతులే. దానికి మూలం ఆటల లోపలే ఉంది. పాత్రలు ధరించి ఆడే ఆటల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. దాని 1978 నాటి నియమాల పుస్తకంలో స్త్రీ పాత్రల బలానికి పురుష పాత్రల కంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టారు. రాక్షసుల్నీ మంత్రగాళ్ళనీ ఊహించగలిగిన వాళ్ళు మగవాడితో సమానంగా బలమున్న స్త్రీని మాత్రం ఊహించలేకపోయారు! ఆ నియమం 1989 నాటి కూర్పులో గానీ పోలేదు. అయితే స్త్రీలు అక్కడ లేకపోలేదు. లీ గోల్డ్ అనే ఆమె 1975 నుంచే ఈ ఆటల మీద ఒక పత్రిక నడిపింది. ఆటని కొనేవాళ్ళుగానే కాక, ఆట గురించి మాట్లాడేవాళ్ళుగా స్త్రీలు ముందుకొచ్చాకే నియమాల్లోని వివక్ష చర్చకు వచ్చింది.

మాట లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎలిజబెత్ మాగీ కథ ఒక్కటి చాలు. మన ఇళ్ళలో పిల్లలు ‘బిజినెస్’ అనో ‘వ్యాపారి’ అనో ఆడే ఆటకి అసలు రూపం ‘మోనోపలీ’. దానికి మూలం మాగీ రూపొందించి 1904లో పేటెంటు పొందిన ‘లాండ్‌లార్డ్స్ గేమ్’. భూమిని గుత్తకు పెట్టుకుని అద్దెలు గుంజే వ్యవస్థ ఎంత అన్యాయమో ఆడుతూ అర్థం చేసుకోవాలని ఆమె ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ చార్లెస్ డారో అనే అతని దగ్గర మోనోపలీని కొని, అతన్నే సృష్టికర్తగా ప్రచారం చేసింది. మాగీ పేటెంటుకి 500 డాలర్లు చేతిలో పెట్టింది, అమ్మకాల్లో వాటా మాత్రం లేదు. గుత్తాధిపత్యాన్ని ఎండగట్టడానికి పుట్టిన ఆట గుత్తాధిపత్యాన్ని కీర్తించే ఆటగా ఇంటింటికీ చేరింది, దాన్ని చేసిన స్త్రీ పేరు మాయమైంది. 1970లలో ఒక కోర్టు వ్యాజ్యం కోసం పాత కాగితాలు వెతికితే ఆ పేరు మళ్ళీ బయటికొచ్చింది. ఆమె పేరు ఏనాడో కాగితం మీద ఉంది కాబట్టే దొరికింది. కాగితం మీదికే ఎక్కని పేర్ల మాటేమిటి?

ఇక్కడి నుంచి మన ఇళ్ళకి వద్దాం. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లోనూ, మొత్తం తెలుగు నేల మీదా బోర్డు ఆట అంటే కొట్లో కొన్న అట్టపెట్టె కాదు. అరుగు మీద సుద్దముక్కతో ఐదు గళ్ళు అడ్డం, ఐదు గళ్ళు నిలువు గీస్తే అష్టాచమ్మా. నాలుగు గవ్వలు, ఆడేవాళ్ళకి గుర్తులుగా గాజుముక్కలో చింతపిక్కలో ఉంటే చాలు. రెండు వరసల గుంటల్లో పిక్కలు పంచుకుంటూ పోతే వామనగుంటలు. అదంతా లెక్కే. ఎక్కడ మొదలెడితే ఎక్కడ ఖాళీ గుంట తగులుతుందో నాలుగు ఎత్తుల ముందే మనసులో చూసుకోవాలి. బడికి పోని ఆడవాళ్ళు ఈ లెక్కని కళ్ళతోనే చేసేవాళ్ళు. దాన్ని ‘తెలివి’ అని ఎవరూ అనలేదు, ‘కాలక్షేపం’ అన్నారు.

అలాగని ఈ ఆటల్ని పాత బంగారమని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇవి ఎక్కువగా ఇంటి లోపలి ఆటలుగా ఎందుకు మిగిలాయో అడగాలి. రజస్వల అయిన పిల్లని గడప దాటనివ్వని ఇళ్ళలో ఆమెకి మిగిలిన ఆటలు ఇవే. మగపిల్లలకి వీధి, చెరువుగట్టు, మైదానం. ఆడపిల్లకి అరుగు, పెరడు, నాలుగు గోడలు. ఆ అరుగు మీద కూడా ఎవరు ఎవరితో కూచుని ఆడొచ్చో కులం నిర్ణయించింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట్లో పేకాట సాగుతుంది. మగవాళ్ళ మధ్య సమానంగా కూచుని పేకముక్కలు పట్టిన ఆ స్త్రీ వేశ్య. వితంతువులైన బుచ్చమ్మకి గానీ మీనాక్షికి గానీ నాటకంలో ఎక్కడా అటువంటి చోటు లేదు. బాహాటంగా ఆడే స్త్రీ ‘మర్యాదస్తురాలు’ కాదు, మర్యాదస్తురాలికి బాహాటంగా ఆడే హక్కు లేదు. గురజాడ చూపించిన ఆ గీత ఇవాళ పూర్తిగా చెరిగిపోయిందని అనగలమా?

అదే నిర్బంధంలో, అదే అరుగు మీద ఇంకొకటి కూడా జరిగింది. చేతులు గవ్వలు వేస్తుంటే నోళ్ళు మాట్లాడుకున్నాయి. అత్తింటి బాధలు, కడుపు పోయిన సంగతులు, పుట్టింటి వాళ్ళు దాచిన విషయాలు ఆ ఆట పక్కనే బయటికొచ్చాయి. మగవాళ్ళ చెవిన పడకుండా ఆడవాళ్ళు కూడి మాట్లాడుకోవడానికి ఆట ఒక సాకు. అంటే ఆడుతూ మాట్లాడుకునే కార్యక్రమం మనకి కొత్తది కాదు. మైకు పెట్టినవాళ్ళు లేరు, అంతే.

పెట్టడానికి ఇప్పుడు అడ్డేమిటి? మొదటిది సమయం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. పైగా స్త్రీలలో 81.2 శాతం మంది ఆ పని చేస్తుంటే పురుషుల్లో చేసేది 26.1 శాతమే. 2024 సర్వే నాటికి స్త్రీల నిమిషాలు 289కి, పురుషులవి 88కి వచ్చాయి. ఐదేళ్ళలో ఆమెకి మిగిలినది 10 నిమిషాలు! పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పొద్దంతా జీడిపిక్కలు ఒలిచి ఇంటికొచ్చిన స్త్రీ చింతపిక్కలు పట్టుకుని ఎప్పుడు కూచుంటుంది? పాడ్‌కాస్ట్ పని చేసుకుంటూ వినొచ్చు కదా అంటారు. నిజమే, రేడియోలో స్త్రీల కార్యక్రమాలు కూడా మనం అంట్లు తోముకుంటూనే విన్నాం. కానీ చెవులకి మాత్రమే తీరికనిచ్చి చేతుల్ని పనిలోనే ఉంచడం విశ్రాంతి కాదు. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనీ మనిషి హక్కులుగా గుర్తించింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటని కూడా హక్కుగా చెప్పింది. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. తమ్ముణ్ణి ఎత్తుకుని అరుగు మీద ఆట చూస్తూ నిలబడే ఆడపిల్లకి ఆ హక్కు అందిందా అని మనమే అడగాలి.

రెండోది సాధనం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండొచ్చు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకి తెలుసు. ఆ ఫోనులోనే మగవాళ్ళ ఆటలూ ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటల్ని రాష్ట్రం 2020లో నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆటలో భార్యను పందెం కాసిన కథ మనకి పురాణమే కావచ్చు. భార్య పుస్తెలు, డ్వాక్రా రుణం పందేల్లో పోవడం పురాణం కాదు. మగవాడి ఆటకి ఇల్లు తాకట్టు పడుతుంటే, ఆడదాని ఆటకి గంట సమయం దొరకదు.

అయినా దారి లేకపోలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత స్త్రీలు ‘సంఘం రేడియో’ మొదలుపెట్టి, విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు. పెద్ద చదువుల్లేవని ఎవరూ ఆగలేదు. చెన్నైలో వినీతా సిద్ధార్థ నడిపే ‘క్రీడ’ సంస్థ పాత ఆటల్ని మళ్ళీ జనంలోకి తెచ్చింది. పక్షుల మీద ‘వింగ్‌స్పాన్’ అనే ఆటను చేసి 2019లో జర్మనీ వారి ప్రతిష్ఠాత్మక బహుమతి పొందిన ఎలిజబెత్ హార్‌గ్రేవ్, ఆటలు రూపొందించే తోటి స్త్రీల పేర్ల జాబితాను అందరికీ అందుబాటులో పెట్టింది. తన పేరొక్కటే నిలిస్తే చాలదని ఆమెకి తెలుసు.

కాబట్టి మా సూచన ఇది. ప్రతి ఊరి సంఘంలో, ప్రతి మహిళా కళాశాలలో నలుగురు కూడి మొదట ఆడండి. ఆ తర్వాత ఒక ఫోనులో రికార్డు చెయ్యండి. మీ ఇంట్లో అష్టాచమ్మా నియమం ఏమిటి? ఒక కాయనైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోనిస్తారా? ఎవరు నేర్పారు? ఎవరితో ఆడనివ్వలేదు? ఎప్పుడు మానేశారు, ఎందుకు? చివరి రెండు ప్రశ్నలు మరిచిపోవద్దు, అసలు చరిత్ర అక్కడుంది. చెప్పిన ప్రతి స్త్రీ పేరూ, ఆమె ఇష్టపడితే, ఆమె మాటతో పాటు వినిపించాలి. ‘ఒక గ్రామీణ మహిళ’ అని సరిపెట్టొద్దు. ఆమె అనుమతి లేకుండా గొంతు ఎవరికీ పంపకూడదు. తర్వాత వద్దంటే తీసెయ్యాలి. పట్నం నుంచి వచ్చిన పరిశోధకులు దాన్ని వాడుకుని డబ్బో పేరో సంపాదిస్తే అందులో ఆమెకీ వాటా ఉండాలి. ఈ మాట విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మాలాంటి వాళ్ళకి ముందు వర్తిస్తుంది.

ఇంకొక్క షరతు. రికార్డు చేసే ఆ రెండు గంటలూ ఇంట్లో వంట ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. అది తేల్చకుండా మొదలెడితే ఆ పని కూడా స్త్రీల మీద పడిన మరో చాకిరీ అవుతుంది. మగవాళ్ళు ఆ రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడితే, మన కార్యక్రమంలో మొదటి భాగం అక్కడే మొదలైనట్టు.