అమానతు: అక్కడి మాటా, ఇక్కడి మాటా

హుఫూఫ్‌లో ఉండే మనవాళ్లకు ఇక్కడి మున్సిపాలిటీ పేరు తెలియకుండా ఉండదు. అరబ్బీలో దాన్ని 'అమానత్ అల్ అహసా' అంటారు. నమ్మి అప్పగించినది అని అమానత్ మాటకు అర్థం. ఇది మనకు కొత్త మాట కాదు. ప్రయాణం పోతూ పొరుగింట్లో నగ దాచి, "నీ దగ్గర అమానతుగా ఉండనీ అక్కా, మళ్లొచ్చి తీస్కుంటా" అని ఊళ్లో అమ్మలు అనడం వింటూనే పెరిగాం.

ఆ మాట ఎన్నడో సముద్రం దాటి మన ఊరికి వచ్చింది. మనం పొట్ట చేతపట్టుకుని ఆ మాట పుట్టిన గడ్డకు వచ్చాం. మరి దాని వెనుక ఉన్న నడవడిక మనతో వచ్చిందా, లేక విమానం ఎక్కే ముందే ఆగిపోయిందా?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. మా గదిలో ఆరుగురం ఉంటాం. జగిత్యాల వైపు వాళ్లు ముగ్గురు, కడప వాళ్లు ఇద్దరు, కోనసీమ ఆయన ఒకరు. అందరిదీ మెయింటెనెన్స్ పనే. ఒక ఎండాకాలం ఓ లేబర్ క్యాంపులో ఆరు నీళ్ల ట్యాంకులు కడగమన్నారు. నాలుగు కడిగేసరికి పొద్దుగూకింది. మిగిలిన రెండింటికీ నిచ్చెన అందలేదు. ఫోర్‌మన్ కూడా మన దేశం మనిషే. కాగితం చేతికిచ్చి, "ఆరూ అయినట్టు సంతకం పెట్టెయ్ భాయ్, పైకెక్కి చూసేదెవరు?" అన్నాడు. పెట్టేశాం. ఆ రాత్రి అన్నం తింటుంటే మాలో చిన్నవాడు అడిగాడు: "అన్నా, ఆ నీళ్లతో వంట చేసుకునేది ఎవరు?" ఎవ్వరం మాట్లాడలేదు. వండుకునేది మనలాంటి వాళ్లే కదా!

ఇదే పని ఊళ్లో అయితే చేసేవాళ్లమా? బహుశా చేసేవాళ్లం కాదు. ఊళ్లో 'నలుగురు ఏమనుకుంటారో' అనే బెదురు ఉంటుంది. ఊరి ట్యాంకు కడగకుండా కడిగామంటే సాయంత్రానికి చాయ్ హోటల్ దాకా పాకిపోతుంది. ఇక్కడ ఆ నలుగురు లేరు. వాళ్ల స్థానంలో ముఖాలఫా ఉంది, అంటే జరిమానా. ఊళ్లో హెల్మెట్ ముఖం చూడనివాడు ఇక్కడ రాత్రి రెండు గంటలకు, మనిషి అలికిడి లేని సిగ్నల్ దగ్గర కూడా బుద్ధిగా ఆగుతాడు. 2010లో వచ్చిన సాహెర్ కెమెరాల పుణ్యం అది. అక్కడ సిగ్గు కాపాడింది, ఇక్కడ భయం కాపాడుతోంది. మరి నలుగురూ లేని చోట, కెమెరా కూడా లేని చోట మనల్ని కాపాడేది ఏది?

లారెన్స్ కోల్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మనిషి నీతి మెట్లు మెట్లుగా ఎదుగుతుందన్నారు. మొదటి మెట్టు దెబ్బ భయం. తర్వాత సొంత లాభం, ఆ తర్వాత నలుగురి మెప్పు, ఆపైన చట్టం, అన్నిటికన్నా పైన మనసు ఒప్పుకున్న న్యాయం. మనిషికి మనిషి పట్ల ఉండే బాధ్యతను ఆయన సరిగా లెక్కలోకి తీసుకోలేదని 1982లో కెరోల్ గిలిగన్ అనే పరిశోధకురాలు విమర్శించారు. చదువుకున్నవాళ్ల వాదన ఎలా ఉన్నా, మాకు అర్థమైంది ఒక్కటే. దేశం మారితే మనిషి మెట్టు దిగిపోవచ్చు. ఊళ్లో నలుగురి మెప్పు దాకా ఎక్కినవాడు ఇక్కడ జరిమానా భయం దగ్గర ఆగిపోతాడు.

"జీతం ఎగ్గొట్టే యజమానికి లేని నీతి కూలోడికెందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అధికారం ఉన్నవాడి బాధ్యత ఎప్పుడూ పెద్దదే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. దాన్ని తప్పిస్తే తప్పు యజమానిదే, మనది కాదు. కానీ ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండానే మనం చేసే పనుల సంగతేమిటి?

ఆజాద్ వీసా వ్యాపారమే తీసుకోండి. నిజానికి అలాంటి వీసా అంటూ చట్టంలో ఏదీ లేదు. ఒక కఫీల్ పేరు మీద వచ్చి, బయట ఎవరి దగ్గరో పని చేసుకోవడం ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం నేరం. మన దేశంలో రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలకు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ లేనివాడు మనుషుల్ని పంపడమే 1983 నాటి వలసల చట్టం కింద నేరం. అయినా మనలోనే ఒకడు, మేనబావ కొడుకు దగ్గరో, ఒకే బడిలో చదివినవాడి తమ్ముడి దగ్గరో లక్షల్లో పుచ్చుకుంటాడు. వాడు భూమి కుదువ పెట్టి, అమ్మ పుస్తెల తాడు తాకట్టు పెట్టి దిగుతాడు. దిగాక చూస్తే ఇంటి డ్రైవర్ వీసానో, తోటపని వీసానో అయి ఉంటుంది. 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు కంపెనీల కార్మికులకు కఫీల్ ఒప్పుకోకున్నా ఉద్యోగం మారే వీలు కల్పించిన సంస్కరణ, ఇంటిపనివాళ్లకూ డ్రైవర్లకూ గొర్రెల కాపర్లకూ తోటపనివాళ్లకూ వర్తించలేదు. అంటే ఉన్న కాస్త రక్షణ కూడా అందని చోటికి మనవాణ్ణి మనమే నెట్టాం. ఈ పాపం ఏ కఫీల్ ఖాతాలో రాస్తాం?

సంస్కృతి వేరు కాబట్టి నీతి కూడా వేరని సరిపెట్టుకోవడం తేలిక. కాసేపు ఊరి అంచు దాకా వెళ్లి చూడండి. పాతిక లక్షల ఖర్జూర చెట్లున్న ఒయాసిస్సు ఇది. 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఊట నీళ్లను తోటలవాళ్లు వంతులు వేసుకుని పంచుకోబట్టే ఎడారి నడుమ ఇన్ని చెట్లు తరతరాలు నిలిచాయి. మన చెరువుల కింద నీరటి చేసిన పని కూడా అదే కదా! తెల్లారి ఎవరూ లేవకముందే తూము దగ్గర నిలబడి, ఎవరి మడికి ఎంతో అంతే వదిలేవాడు. భాష వేరు, దేవుణ్ణి పిలిచే తీరు వేరు. పక్కవాడి వంతు నీళ్లు మళ్లించుకోవడం మాత్రం రెండు చోట్లా దొంగతనమే.

ఆర్నెల్ల తర్వాత మాకు మళ్లీ అదే క్యాంపు పని పడింది. ఈసారి కూడా నిచ్చెన అందలేదు. కాగితం మీద 'నాలుగు కడిగాం, రెండింటికి నిచ్చెన లేదు' అని రాసి సంతకం చేశాం. ఫోర్‌మన్ మండిపడ్డాడు. రెండు వారాలు ఓవర్‌టైమ్ దక్కలేదు. మాలాంటి వాళ్లకు అది చిన్న నష్టం కాదు. ఒకరింట్లో చిట్టీ కిస్తీ ఆగింది, ఫోన్‌లో ఇంటావిడతో మాటలు పడాల్సి వచ్చింది. కానీ నిచ్చెన వచ్చింది. మిగిలిన రెండూ కడిగాం. ఒకదాని అడుగున చచ్చిన పావురం ఉంది.

అన్నలారా, తమ్ముళ్లారా! మనం ఇక్కడ రాజ్యాలు మార్చలేం. చేసిన పని చేశామని, చేయనిది చేయలేదని రాయగలం. ఊరి నుంచి ఫోన్ చేసే పిల్లవాడికి వీసా మీద ఏ పని రాసి ఉందో, జీతం ఎంతో, ఎండ ఎంతో దాచకుండా చెప్పగలం. వాడి నమ్మకం మన దగ్గర ఉన్న అమానతు. రేపు సెలవు మీద ఊరికి పోయినప్పుడు వాళ్లమ్మ ఎదురుపడుతుంది. ఆమె ముందు తల దించుకోకుండా నిలబడగలిగితే చాలు.