విరామ వేళ: తిరుగు టపాకు తగిన కవరు

ఈ శీర్షికలో ఇంతవరకు తపాలా బిళ్ళల సేకరణ, పాత నాణేలు, మిద్దెపై కూరగాయల పెంపకం వంటి, మనందరికీ పరిచితమైన వ్యాపకాలను గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం మాత్రం మన వీధులలో పిల్లలు ఆడని ఒక ఆటను ఆశ్రయించిన వ్యాపకాన్ని పరిచయం చేయబూనుకున్నాము. ఇందుకు కారకుడు పద్నాలుగేళ్ళ మా మేనల్లుడు.

గత సంవత్సరం ఆర్జిత సెలవుపై సతీసమేతంగా అమెరికా వెళ్ళి, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో మా చెల్లెలి ఇంట మూడు వారాలు గడిపాము. చేరిన నాటి సాయంత్రమే మేనల్లుడి బల్లపై ఒక పొడవాటి రిజిస్టరు కనిపించింది. వరుస సంఖ్య, పంపిన తేదీ, ఎవరికి, ఏ కార్డు, జవాబు వచ్చిన తేదీ అని గడులు గీసి ఉన్నాయి. మా విభాగంలోని యంత్రాల మరమ్మతు పుస్తకమే సముద్రాలు దాటి వచ్చిందా అని నవ్వుకున్నాము. చివరి గడి చాలా చోట్ల ఖాళీగా ఉంది. అదేమని అడిగితే, “అవి ఇంకా రావాలి మామయ్యా, కొన్నిటికి ఏళ్ళు పడుతుంది” అన్నాడు, ఏళ్ళంటే తనకు లెక్క లేనట్టు.

అమెరికా వారు ఫుట్‌బాల్ అనేది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ధరించి, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట అది. ఆ ఆటగాళ్ళ బొమ్మలు ముద్రించిన చిన్న కార్డులను ట్రేడింగ్ కార్డులంటారు. సాధారణంగా వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర అంగుళాలు. ముందువైపు బొమ్మ, వెనుకవైపు ఆటగాడి లెక్కలు. మన చిన్నతనంలో అగ్గిపెట్టెల బొమ్మలూ, బబుల్ గమ్ పొట్లాలలో వచ్చే క్రికెటర్ల బొమ్మలూ దాచుకోవడం ఎరిగినవారికి ఇది కొత్త కాదు. అక్కడ మాత్రం దీనికి దీర్ఘ చరిత్ర ఉన్నది. 1888లో గుడ్విన్ అనే సిగరెట్ల కంపెనీ వెలువరించిన క్రీడాకారుల కార్డులలో యేల్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు హ్యారీ బీచర్ బొమ్మ ఉంది. సిగరెట్టు పెట్టె నలగకుండా లోపల ఉంచే అట్టముక్కకే బొమ్మ అద్ది వ్యాపారం పెంచుకున్న కాలమది. 1894లో మేయో అనే పొగాకు కంపెనీ 35 మంది కళాశాల ఆటగాళ్ళ కార్డులు వేసింది. తరువాత పొగాకు స్థానాన్ని బబుల్ గమ్ ఆక్రమించింది. 1935లో నేషనల్ చికిల్, 1948లో బౌమన్, లీఫ్ కంపెనీలు ఫుట్‌బాల్ కార్డులు తెచ్చాయి. టాప్స్ కంపెనీ 1956లో వృత్తి ఆటగాళ్ళ కార్డులు వేయసాగింది.

కార్డులు కొనడం ఎవరైనా చేయగలిగినదే. మా మేనల్లుడు చేసేది వేరు. ఆ కార్డును తపాలాలో ఆటగాడికే పంపి, దానిపై హస్తాక్షరం వేయించుకొని, తపాలాలోనే తిరిగి రప్పించుకుంటాడు. ఒకప్పుడు మన వారపత్రికలకు కథలు పంపినవారికి ఇందులోని కీలకం చప్పున స్ఫురిస్తుంది. తిరుగు టపాకు తగిన స్టాంపులు అంటించిన, స్వంత చిరునామా గల కవరు జతపరచాలన్న నిబంధన గుర్తున్నది కదా! అదే ఇక్కడా ప్రాణం.

కార్డును పలుచని ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, వంగకుండా గట్టి అట్ట జోడిస్తారు. స్వంత చిరునామా గల కవరును మడిచి పెద్ద కవరులో పెడతారు. అమెరికా తపాలా శాఖ 2007లో ‘ఫరెవర్’ అనే బిళ్ళను ప్రవేశపెట్టింది. తరువాత ధర ఎంత పెరిగినా అది సాధారణ ఉత్తరానికి చెల్లుతుంది. ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందో తెలియని కవరుకు అంతకు మించిన బిళ్ళ ఏముంటుంది? ఇప్పుడు ఆడుతున్నవారికి జట్టు కార్యాలయానికీ, జూలై, ఆగస్టు మాసాలలోనైతే శిక్షణ శిబిరానికీ రాస్తారు. విరమించినవారికి ఇంటికే.

ఇంజనీరుగా మమ్ము ఆకర్షించినది కార్డును సిద్ధపరచే పద్ధతి. నున్నని పూత గల కార్డుపై సిరా పట్టదు, బొట్లు బొట్లుగా విడిపోతుంది. అందుకని పసిపిల్లల పౌడరు కొద్దిగా చల్లి, మెత్తని గుడ్డతో రుద్ది తుడుస్తాడు. రంగు వేయడానికి ముందు ఇనుప పలకను జిడ్డు లేకుండా తుడిపించడం మా దినచర్య. ఆ పాఠం వాడికి ఎవరూ చెప్పలేదు. పాడైపోయిన నాలుగు కార్డులు నేర్పాయట.

“ఇంత శ్రమ ఎందుకురా, సంతకంతో సహా కొనుక్కోవచ్చు కదా?” అన్నాము. కొనుక్కోవచ్చు, నిజమే. 1990లో అప్పర్ డెక్ కంపెనీ బేస్‌బాల్ వీరుడు రెజ్జీ జాక్సన్ స్వయంగా సంతకం చేసిన 2,500 కార్డులను పొట్లాలలో అక్కడొకటి ఇక్కడొకటిగా దాచి అమ్మింది. అటుపై సంతకం కూడా సరుకైపోయింది. సరుకైనచోట నకిలీ తప్పదు. 1990ల చివరి సంవత్సరాలలో ఎఫ్.బి.ఐ. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరిట దర్యాప్తు జరిపి, క్రీడాకారుల దొంగ సంతకాలు తయారుచేసే ముఠాలను పట్టుకున్నది. తపాలాలో వచ్చినవన్నీ అసలైనవే అనీ చెప్పలేము. ఒకరి బదులు మరొకరు గీకేవీ ఉంటాయి, యంత్రం గీసేవీ ఉంటాయి. యంత్రపు సంతకాన్ని గుర్తించే ఉపాయం వాడు చూపాడు. రెండు సంతకాల నకళ్ళను ఒకదానిపై ఒకటి ఉంచి వెలుతురుకు పట్టి, గీతకు గీత కలిసిపోతే అది మనిషి చేసినది కాదు. మా కర్మాగారంలో రెండు భాగాలు సరిగ్గా ఒకేలా రావడం గుణం. ఇక్కడ అదే దోషం!

కొందరు ఆటగాళ్ళు సంతకానికి బదులుగా ఏదైనా ధర్మకార్యానికి విరాళం కోరుతారట. ఈ మాట విన్నప్పుడు మాకు గాంధీ మహాత్ముడు గుర్తుకు వచ్చారు. హస్తాక్షరం కోరినవారి వద్ద హరిజన నిధికి అయిదు రూపాయలు పుచ్చుకొనేవారు ఆయన.

రిజిస్టరులోని పేర్లు పరిశీలిస్తే మరొక విశేషం కనిపించింది. బంతి విసిరి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు అందులో బహు తక్కువ. వారికి బస్తాలతో ఉత్తరాలు వస్తాయి, మనది ఎవరు చూస్తారన్నాడు. వాడు రాసేది ఎక్కువగా లైన్‌మెన్‌కు, అందునా విరమించిన వృద్ధులకు. క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగోడగా నిలిచి, మీదపడేవారిని కాచుకొనే అయిదుగురు వీరు. బంతి వీరి చేతికి రావడం అరుదు. అందుచేత కార్డు వెనుక చెప్పుకోదగిన అంకెలుండవు, ఆడిన ఆటల సంఖ్య తప్ప. మన నిర్వహణ విభాగం వారి వార్షిక నివేదికలా అన్నమాట. యంత్రం ఆగినప్పుడే వారి పేరు వినిపిస్తుంది. అంకెలు లేనివారిని గురించి ఉత్తరంలో ఏమి రాయాలన్నా పాత పత్రికలు వెదికి చదవవలసిందే. ఏ ఆటలో ఏమి చేశారో తెలుసుకోకుండా ఎవరికీ రాయకూడదన్నది వాడు పెట్టుకున్న నియమం. రెండు కార్డులకు మించి పంపకూడదన్నది మరొకటి. జవాబు రాగానే కృతజ్ఞతతో ఉత్తరం వేయాలన్నది మూడవది.

ఒక ఆదివారం మమ్ము కాంటన్ పట్టణానికి తీసుకువెళ్ళారు. 1963లో ప్రారంభమైన ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడ ఉంది. మహామహుల కంచు శిరోవిగ్రహాలు వరుసగా నిలిపారు. మావాడు మైక్ వెబ్‌స్టర్ విగ్రహం ఎదుట చాలాసేపు నిలిచాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు నాలుగు సూపర్ బౌల్ విజయాలలో పాలుపంచుకున్న లైన్‌మన్ ఆయన. 1997లో ఇక్కడ స్థానం పొందారు, 2002లో యాభై ఏళ్ళకే మరణించారు. డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్షించి, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల కలిగే వ్యాధిని గుర్తించి, 2005లో ప్రకటించారు. ఆ ఆటలో దెబ్బల మూల్యం ఎంతటిదో లోకం తెలుసుకోవడానికి అది నాంది. “ఈయనకు రాద్దామన్నా నేను పుట్టేసరికే లేరు మామయ్యా. అందుకే ఉన్నవాళ్ళకు తొందరగా రాస్తున్నాను” అన్నాడు.

మేము బయలుదేరడానికి రెండు రోజుల ముందు పద్నాలుగు నెలల నాటి కవరు ఒకటి తిరిగి వచ్చింది. ఒక వృద్ధ లైన్‌మన్ పంపినది. నీలి సిరాతో సంతకం, అక్షరాలు వణికి కిందికి జారాయి. జతగా చిన్న చీటీ. చెయ్యి స్వాధీనంలో లేక ఆలస్యమైందనీ, పిల్లవాడు ప్రస్తావించిన ఆ ఆటను గురించి ఇన్నేళ్ళలో తనను అడిగినవారు లేరనీ సారాంశం. వాడు మొదట రిజిస్టరులో తేదీ వేశాడు, తరువాత గంతులు వేశాడు. రాత్రి భోజనాల వేళ హఠాత్తుగా అడిగాడు: “మామయ్యా, మీకెవరూ ఇలా రాయలేదా?”

లేదని వెంటనే అన్నాము. సంతకం కోరి ఇంజనీరుకు రాసేవారెవరు! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పామని తెలిసింది.

మూడేళ్ళ క్రితం మా యూనిట్‌లో పనిచేసి విరమించిన ఒక సీనియర్ ఫిట్టరు తన స్వగ్రామం నుంచి ఉత్తరం రాశారు. 1994లో రెండవ బాయిలరు వెలిగించిన రోజు తీసిన ఛాయాచిత్రం అందులో ఉంది. పదకొండు మంది ఉన్నారు. చివరి వరుసలో కొసన శిక్షణలో ఉన్న మేము. మాకు చేతిపని నేర్పినది ఆయనే. పేర్లు కొన్ని మరపున పడుతున్నాయనీ, వెనుకవైపు అందరి పేర్లూ రాసి, కింద మా సంతకం పెట్టి పంపవలసిందనీ కోరారు. అయిదు రూపాయల బిళ్ళ అంటించి, తన చిరునామా తానే రాసుకున్న కవరు జతపరచారు. తీరికగా, శ్రద్ధగా చేయవలసిన పని అనుకొని సొరుగులో ఉంచాము. తీరిక మూడేళ్ళు రాలేదు. ఆయనకు ఏ అభిమానం లేక కాదు, ఎంతో అభిమానం ఉందనుకొనే ఆలస్యం చేశాము. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

తిరిగి వచ్చిన మరునాడు సొరుగు తెరిస్తే కవరు అలాగే ఉంది. ఏడుగురి పేర్లు మాకే గుర్తున్నాయి. మిగిలిన నలుగురి కోసం కాలనీలో స్థిరపడిన పాత మిత్రుల ఇళ్ళకు మూడు సాయంత్రాలు తిరిగాము. అందరి పేర్లూ రాసి, సంతకం చేసి, ఒక పుట ఉత్తరం జోడించి, బరువు పెరిగినందున అదనపు బిళ్ళలు అంటించి, ఆయన కవరులోనే పంపాము.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. దస్తూరి ఆయన మనుమరాలిది. తాతగారికి ఏడాదిన్నరగా చూపు లేదట. ఛాయాచిత్రాన్ని చేతికిచ్చి తాను పేర్లు చదివి వినిపించిందట. ఆయన రెండుసార్లు చదివించుకొని, సంతకం ఎక్కడుందో వేలితో చూపించమన్నారట. మూడేళ్ళ ముందు పంపి ఉంటే కళ్ళతోనే చూసేవారు. ఆ లోటు ఏ బిళ్ళలు అంటించినా తీరేది కాదు.

ఉత్తరం చివర ఒక సవరణ ఉంది. రెండవ వరుసలో ఎడమ నుంచి మూడవ వ్యక్తి పేరు మేము తప్పు రాశామట. ఆయన వెల్డరు కాదు, క్రేను ఆపరేటరు, పేరు ఫలానా అని సరిచేసి, ఈసారి జాగ్రత్తగా రాయమని చెప్పమన్నారట. ముప్పై ఏళ్ళ క్రితం షాపులో మమ్ము మందలించిన గొంతే అది. మేనల్లుడు నేర్పినట్టు ఒక నోటుపుస్తకంలో గడులు గీసి, తేదీ వేసి, సరైన పేరుతో ఆ రోజే తిరుగు టపాలో జవాబు పంపాము.