పోతున్నాయా, కారుతున్నాయా, పొంగుతున్నాయా?

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక అంకుల్ నన్ను ఆటపట్టించారు. నేను తెలుగు రాయడం నేర్చుకుంటున్నానని ఎవరో ఆయనకి చెప్పారు. "అయితే చెప్పమ్మా, రేడియేటర్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నారు. నాకు రాలేదు. "క్లచ్‌ని? గేర్‌బాక్స్‌ని?" రాలేదు. అందరూ నవ్వారు. "అందుకే అంటున్నా. తెలుగు పద్యాలకీ పండగలకీ బాగుంటుంది. కారు చెడితే మాత్రం ఇంగ్లీషే దిక్కు" అని తేల్చేశారు.

ఆ రోజు పులిహోర తింటూ ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెప్తున్నాను. అంకుల్, మీరడిగిన ప్రశ్నే తప్పు. ఎందుకు తప్పో తెలుసుకోడానికి నాకు 70 దినార్లు ఖర్చయింది.

నా బండి 2007 మోడల్. నాన్న కొన్నారు. రిటైరై కాకినాడ వెళ్ళిపోతూ తాళాలు నా చేతిలో పెట్టారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, బహ్రెయిన్‌లో. బడిలో రెండో భాష హిందీ. ఇంట్లో తెలుగు వింటే అర్థమయ్యేది, చదవడం వచ్చేది కాదు. 24 ఏళ్ళకి నా అంతట నేనే అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి తప్పులుంటే సరిదిద్దండి. కానీ ముందు నా వాదన వినండి.

పోయిన జూలైలో బండి వేడెక్కడం మొదలుపెట్టింది. మనామా నుంచి సిత్రా వెళ్ళే దారిలో పొద్దున ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ట్రాఫిక్‌లో ముల్లు ఎర్రగీత దాకా ఎక్కేది. గ్యారేజీకి తీసుకెళ్ళి "ఓవర్‌హీటింగ్" అన్నాను. ఒకే ఒక్క మాట. వాళ్ళు కూడా రెండో మాట అడగలేదు. థర్మోస్టాట్ పీకేశారు. "ఈ ఎండల్లో ఇది అక్కర్లేదు" అన్నారు. వారం తిరక్కుండానే మళ్ళీ అదే గొడవ. ఈసారి రేడియేటర్ మార్చారు. రెండుసార్లకీ కలిపి 70 దినార్లు. ఆ తర్వాతి ఆదివారం సిగ్నల్ దగ్గర ఆగితే బోనెట్ సందుల్లోంచి ఆవిరి.

ఇక ఇంట్లో అందరిదీ ఒకటే పాట. అమ్మెయ్. లోన్ పెట్టి కొత్తది కొనుక్కో.

ఇక్కడ కాసేపు ఆగి థర్మోస్టాట్ సంగతి చెప్పాలి. ఎండదేశంలో అది అక్కర్లేదన్నమాట చాలామంది నమ్ముతారు. అది అబద్ధం. ఇంజిన్ సుమారు 90 డిగ్రీల వేడి దగ్గర సరిగ్గా పనిచేసేలా తయారవుతుంది. బయట 45 డిగ్రీలున్నా ఇంజిన్ లెక్కలో అది చల్లదనమే. నీళ్ళు 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి వదులుతుంది. అది తీసేస్తే హైవే మీద ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో అయితే కొంత నీరు రేడియేటర్‌కి వెళ్ళకుండా అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. నేను డబ్బులిచ్చి మరీ నా బండిని పాడు చేయించుకున్నానన్నమాట.

చివరికి ఆఫీసులో ఒకాయన చెప్తే సల్మాబాద్‌లో ఇంకో షెడ్డుకి వెళ్ళాను. అక్కడ పనిచేసే అన్నది జగిత్యాల. నా వంకర తెలుగు విని "మన తెలుగేనా చెల్లె?" అన్నాడు. నేను ఉత్సాహంగా, "అన్నా, నీళ్ళు పోతున్నాయి" అన్నాను.

"పోతున్నయంటె ఎట్ల పోతున్నయ్? కారుతున్నయా, తగ్గుతున్నయా, పొంగుతున్నయా?"

నేను నోరు తెరిచి ఉండిపోయాను. ఈ మూడు మాటలూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పంపు కారుతుంది. బిందెలో నీళ్ళు తగ్గుతాయి. పాలు పొంగుతాయి. అన్నీ మా అమ్మ వంటింట్లో విన్నవే. ఈ మూడు మాటలూ మూడు వేరే వేరే జబ్బులని మాత్రం నాకు తెలీదు.

కారితే బయట ఎక్కడో తడి కనిపిస్తుంది. పైపో, వాటర్ పంపో, రేడియేటరో చూడాలి. బయట చుక్క లేకుండా తగ్గుతుంటే భయపడాలి. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు ఇంజిన్ లోపలికే వెళ్తుండొచ్చు. పొంగుతుంటే మూత ఒత్తిడిని పట్టి ఉంచట్లేదేమో, వేడి బయటికి పోవట్లేదేమో చూడాలి.

"పొంగుతున్నాయి" అన్నాను.

"ఎప్పుడు? బండి ఉరుకుతున్నప్పుడా, నిలవడ్డప్పుడా?"

ఉరకడం అంటే ఏంటో నాకు తెలీలేదు. ఆయన చెయ్యి ముందుకి ఊపి చూపించాడు. ఓహో, పరిగెత్తడం! "ఆగినప్పుడే అన్నా. హైవే మీద దిగిపోతుంది."

"మరి ఏసీ?"

"ఆగినప్పుడు వేడిగాలి. నడుస్తుంటే చల్లగానే ఉంటుంది."

ఆయన నవ్వాడు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, వంగి చూశాడు. "ఫ్యాన్ తిరుగుతలేదు. అంతే." బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఏసీ కండెన్సర్‌కీ ఆ గాలే కావాలి. మోటారు కాలిపోయింది. పాత సామాన్ల కొట్టులో దొరికిన మోటారు 12 దినార్లు. థర్మోస్టాట్ కొత్తది వేయించాను. నీళ్ళూ కూలెంటూ సగం సగం కలిపి పోశాడు. ఉత్త నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి, పైగా లోపల తుప్పు పట్టిస్తాయి. సగం కూలెంట్ ఉండి మూత గట్టిగా ఉంటే 120 దాటినా మరగవు.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు నా 70 దినార్లు ఎవరు తిన్నారు? మొదటి గ్యారేజీ అంటారా? కొంత నిజమే. అడగాల్సినవి వాళ్ళు అడగలేదు. కానీ "ఆగినప్పుడే వేడెక్కుతోంది" అన్న సంగతి రెండు వారాలుగా నా కళ్ళ ముందే ఉంది. నేనే చెప్పలేదు. జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పేసి నా పని అయిపోయిందనుకున్నాను.

అంకుల్ అడిగిన ప్రశ్నలో తప్పు ఇదే. ఆయన పేర్లు అడిగారు. కాకినాడలోనైనా కరీంనగర్‌లోనైనా రేడియేటర్‌ని రేడియేటర్ అనే అంటారు. అందులో సిగ్గేముంది? ఇంకోవైపు ఇంగ్లీషు మాటే వద్దనే పట్టుదలవాళ్ళు థర్మోస్టాట్‌ని "ఉష్ణ నియంత్రకం" అని రాయమంటారు. ఆ మాట రాసుకుని సల్మాబాద్ వెళ్ళండి, టీ ఇచ్చి పంపించేస్తారు. ఇద్దరూ నామవాచకాల దగ్గరే కొట్టుకుంటున్నారు. బండి గురించిన తెలుగు ఉన్నది క్రియల్లో, చప్పుళ్ళలో. అవి మనకి వచ్చు. ఇంట్లో విని పెరిగాం కదా!

నా నోటుబుక్కులోవి కొన్ని ఇస్తున్నాను. రాసుకోండి.

సెల్ఫ్ కొడితే టకటకమని ఊరుకుంటోంది: బ్యాటరీ నీరసించింది, లేదా టెర్మినల్స్ వదులయ్యాయి. ఇక్కడి వేడికి రెండేళ్ళకే బ్యాటరీ పోవడం మామూలే.

బ్రేకు తొక్కితే కీచుమంటోంది: ప్యాడ్లు చివరికొచ్చాయేమో చూపించండి. గరగరమంటోంది: ప్యాడ్ అయిపోయి ఇనుము ఇనుముని రాస్తోంది, ఇక నడపకండి.

స్పీడు అందుకోగానే స్టీరింగ్ వణుకుతోంది: వీల్ బ్యాలెన్సింగ్. వదిలితే ఒక పక్కకి లాగుతోంది: ముందు గాలి చూడండి, తర్వాత అలైన్‌మెంట్.

టైరు అరిగింది, టైరు పగిలింది: రెండూ ఒకటి కాదు. ఇక్కడ చాలా టైర్లు అరగకముందే ఎండకి పగుళ్ళిస్తాయి. పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

కింద నీళ్ళు కారుతున్నాయి: ఆగస్టు ఉక్కలో ఏసీ నీళ్ళే మడుగు కడతాయి, కంగారు పడకండి. రంగుండి, వేళ్ళకి జారుగా తగిలితే అది కూలెంట్. బండి వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత తియ్యకండి. మొహం కాలుతుంది.

"ఇక్కడ మెకానిక్‌లందరూ తెలుగువాళ్ళా?" అంటారు. కాదు. ఎక్కువమందితో హిందీలోనే నెట్టుకురావాలి. అయినా నేను ముందు తెలుగులో రాసుకుంటాను. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది నాకు ముందు తెలియాలి కదా. అది తేలాక హిందీలో చెప్పడం పెద్ద పని కాదు.

పాత బండిని ఎప్పటికీ అమ్మొద్దని కూడా అనను. ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టి చిల్లులు పడితే, రిపేరు ఖర్చు బండి ధర దాటితే, వదిలేయండి. కానీ జబ్బేంటో తెలీకుండా వదిలెయ్యకండి.

ఇంకొక్క సంగతి. మా నాన్నతో నా ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోయేది. "తిన్నావా?" "తిన్నాను." "సరే, పడుకో." ఫ్యాన్ మార్చిన రోజు ఫోన్ చేసి జరిగిందంతా తెలుగులో చెప్పాను. "సెల్ఫ్ ఒక్క దెబ్బకి తీసుకుంటోందా? స్లోలో ఆగిపోవట్లేదు కదా? ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుతోందా?" అని ఒకటే ప్రశ్నలు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. నాకు తెలిసి నాన్నతో అంతసేపు తెలుగులో మాట్లాడింది అదే మొదటిసారి. అమ్మెయ్యమన్నవాళ్ళెవరూ ఈ లెక్క వెయ్యలేదు.

కాబట్టి ఈ సాయంత్రం బండి దగ్గరికెళ్ళి సెల్ఫ్ కొట్టి వినండి. ఐదు వాక్యాలు రాయండి. పార్టుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు. క్రియ మాత్రం తెలుగులో ఉండాలి.

ఇక అంకుల్, మీ ప్రశ్నకి జవాబు. రేడియేటర్‌ని తెలుగులో రేడియేటర్ అంటారు. ఇప్పుడు మీరు చెప్పండి. మీ బండిలో నీళ్ళు కారుతున్నాయా, తగ్గుతున్నాయా, పొంగుతున్నాయా?