తత్కాల్ పోటీలో ఫోను చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి?

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): తత్కాల్ టికెట్ల బుకింగ్ ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీ తరగతులకు 11 గంటలకు మొదలవుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ రైల్వే పట్టణంలో ఆ కొద్ది నిమిషాల విలువ అంతా ఇంతా కాదు. ఊళ్లో పెళ్లికో, పండక్కో, హఠాత్తుగా అందిన చావుకబురుకో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు బయలుదేరే వారికి హౌరా-చెన్నై మార్గంలోని రైళ్లే దిక్కు. తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యాబలమూ ఒక కారణమే. అయితే బెర్తు కోసం వారు పోటీపడవలసింది సాటి ప్రయాణికులతో మాత్రమే కాదు.

తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో దాదాపు 50 శాతం వరకు యంత్ర ప్రోగ్రాములే చేస్తున్నాయని రైల్వే శాఖ 2025 జూన్‌లో వెల్లడించింది. అనుమానాస్పదంగా ఉన్న 2.5 కోట్ల ఐఆర్‌సీటీసీ యూజర్ ఐడీలను నిలిపివేసినట్లు కూడా తెలిపింది. ఈ ప్రోగ్రాములు ఎలా పనిచేస్తాయో చెప్పడానికి బెంగాల్‌తోనే ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. 2020 సెప్టెంబరులో రైల్వే రక్షక దళం 'రేర్ మ్యాంగో' అనే అక్రమ సాఫ్ట్‌వేర్ గుట్టు విప్పింది. తరువాత దీని పేరు 'రియల్ మ్యాంగో'గా మారింది. ఈ కేసులో దేశవ్యాప్తంగా 50 మంది అరెస్టయ్యారు. వారిలో ముఖ్యులైన ఐదుగురు పశ్చిమ బెంగాల్‌లోనే పట్టుబడ్డారు.

అధికారుల వివరణ ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్ ఒకేసారి పలు ఐడీలతో లాగిన్ అయ్యేది. క్యాప్చాను దాటేసేది. ప్రయాణికుల వివరాలను, చెల్లింపు వివరాలను తానే నింపేది. బ్యాంకు పంపే ఓటీపీని ఒక మొబైల్ యాప్ సాయంతో ఫోన్ నుంచి లాగి నేరుగా ఫారంలో చేర్చేది. అమ్మకాలు ఐదంచెల్లో సాగేవి, పై అంచెలోని వ్యక్తికి సొమ్ము బిట్‌కాయిన్లలో చేరేది. ఓటీపీ విధానం మొత్తం ఒక ఊహపై నిలబడి ఉంది: ఫోను చేతిలో ఉన్న మనిషి దానిని చదివి, తానే టైపు చేస్తాడన్నది ఆ ఊహ. ఎస్ఎంఎస్ చదివే అనుమతి మరో యాప్‌కు దొరికిన మరుక్షణం అది కూలిపోతుంది. ప్లే స్టోర్ యాప్‌లకు ఈ అనుమతిని గూగుల్ 2019 నుంచి కట్టడి చేసింది. స్టోర్ బయట చేతులు మారే యాప్‌లకు ఆ కట్టడి వర్తించదు.

అసలు చిక్కు ఇంకా లోతైనది. యాప్ ఒకసారి వినియోగదారుడి ఫోన్‌లోకి చేరాక తయారీదారుడి అదుపులో ఉండదు. ఆండ్రాయిడ్ యాప్ ఫైలును విప్పి, కోడ్ చదివి, మార్చి, వేరే సంతకంతో తిరిగి కట్టే పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. 'నన్ను ఎవరైనా మార్చారా?' అని యాప్ తనను తానే పరీక్షించుకునే కోడ్‌ను పెట్టవచ్చు. మార్చేవాడు మొదట తొలగించేది ఆ పరీక్షనే. ఇంటి తాళాన్ని దొంగ చేతికే ఇచ్చి కాపలా కాయమన్నట్లుంటుంది ఈ ఏర్పాటు.

అన్‌రిజర్వ్‌డ్ టికెట్ల కోసం 2014లో వచ్చిన యూటీఎస్ యాప్ ఇందుకు చక్కని నమూనా. టికెట్ తనిఖీ అధికారి కనబడగానే ఫోన్ తీసి టికెట్ కొనే ఎత్తును అడ్డుకునేందుకు, పట్టాలకు అతి దగ్గరగా ఉంటే కాగితరహిత టికెట్ జారీ కాకుండా జీపీఎస్ ఆధారిత పరిధిని విధించారు. హౌరా-ఖరగ్‌పూర్ లోకల్ ప్రయాణికులకు ఇది తెలిసిన నిబంధనే. కానీ ఫోన్ ఎక్కడుందో సర్వర్‌కు చెప్పేది ఆ ఫోనే. ఆండ్రాయిడ్‌లో యాప్ తయారీదారుల పరీక్షల కోసం ఉంచిన సదుపాయంతోనే తప్పుడు స్థానాన్ని చూపవచ్చు. దాన్ని పసిగట్టే పరీక్షను యాప్‌లో పెట్టినా, రూట్ చేసిన ఫోన్‌లో ఆ పరీక్షకు ఏ జవాబు అందాలో ఫోను యజమానే నిర్ణయిస్తాడు.

ఇదే బలహీనత టికెట్లకు ఆవల మరింత గంభీర రూపం దాల్చింది. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును 2017 ఆగస్టులో బెంగళూరు పోలీసులు అరెస్టు చేశారు. ఆయన రూపొందించిన ఆధార్ ఈ-కేవైసీ యాప్, ప్రభుత్వ 'ఈ-హాస్పిటల్' సర్వర్ మీదుగా అనుమతి లేకుండా ఆధార్ వ్యవస్థకు అభ్యర్థనలు పంపిందన్నది ఆరోపణ. ఓటీపీ ఇచ్చిన వారి సొంత వివరాలు మాత్రమే వారికి కనిపించాయని, ఆధార్ సమాచార నిధికి నష్టం లేదని విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ అప్పట్లో పేర్కొంది. ఆ వివరణను యథాతథంగా అంగీకరించినా, అడుగుతున్నది అధీకృత యాప్ అవునో కాదో ప్రభుత్వ సర్వర్ గుర్తించలేకపోయిందన్న విషయం మిగిలే ఉంటుంది.

సర్వర్ వైపు అజాగ్రత్త ఎంత సాదాసీదాగా ఉండగలదో 2021లో తేలింది. ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో ఒక లావాదేవీ సంఖ్యను మార్చి ఇతరుల టికెట్ వివరాలను చూడవచ్చని చెన్నైకి చెందిన పన్నెండో తరగతి విద్యార్థి కనుగొని సెర్ట్-ఇన్‌కు తెలియజేశాడు. లోపాన్ని వెంటనే సరిదిద్దారు. యాప్‌కు ఎంత కవచం తొడిగినా ఇలాంటి రంధ్రాన్ని మూయలేదు. మొబైల్ భద్రతా లోపాలపై ఓవాస్ప్ సంస్థ 2024లో ఇచ్చిన జాబితాలోనూ పాస్‌వర్డులు, తాళపు సంకేతాల దుర్వినియోగానిదే మొదటి స్థానం. యాప్ ఫైలుకు తగిన రక్షణ లేకపోవడం ఏడో స్థానంలో ఉంది. మన సంస్థలు మాత్రం ఏడో దానికి పరికరాలు కొని, మొదటి దాన్ని మరచిపోతున్నట్లు కనిపిస్తుంది.

యాప్ అసలుదో కాదో యాప్‌నే అడగకుండా, ఫోన్‌లోని హార్డ్‌వేర్ తాళం ఇచ్చే ధ్రువీకరణను సర్వర్ పరిశీలించే పద్ధతులు వచ్చాయి. గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అలాంటిదే. ఇవి మేలైనవే. కానీ పాత ఫోన్లు, చేతులు మారిన చౌక ఫోన్లు ఈ పరీక్షలో తప్పే అవకాశం ఎక్కువ. దళారీకి మరో ఫోన్ కొనడం కష్టం కాదు.

రైల్వే శాఖ వేరే దారి పట్టింది. 2025 జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ పరిమితమైంది. జులై 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా తోడైంది. మొదటి అరగంట ఏజెంట్లకు అవకాశం లేదు. వేలకొద్దీ దొంగ ఖాతాలను నడిపేవారికి ఇది నిజమైన దెబ్బే, ఎందుకంటే నకిలీ మనుషులను పుట్టించడం నకిలీ ఐడీలను పుట్టించినంత తేలిక కాదు. కానీ రేర్ మ్యాంగో ముఠా ఫోన్ నుంచి లాగింది కూడా ఓటీపీనే. నిజమైన ఆధార్ ఖాతాలను అద్దెకు తీసుకునే ముఠాకు ఆ పాత ఉపాయం ఇంకా పనికొస్తుంది.

భారం మరోవైపు కూడా పడుతోంది. కౌంటర్లలో తీసుకునే తత్కాల్ టికెట్లకూ ఓటీపీని దశలవారీగా తప్పనిసరి చేస్తున్నారు. ఆధార్‌కు పాత నంబరు జతచేసి ఉన్న వృద్ధులు, కొడుకు ఫోన్‌పైనే ఆధారపడే విశ్రాంత రైల్వే కార్మికులు ఖరగ్‌పూర్‌లాంటి పట్టణాల్లో ముందుగా ఆధార్ కేంద్రం వరుసలో నిలబడాలి. రిజర్వేషన్ వరుస ఆ తరువాతే.