పిట్టల లోకములో తండ్రులు



మొన్న వానాకాలములో ఒక సహోదరుని ఇంట కుటీర ప్రార్థనకు వెళ్లాము. ఆయన భార్య ప్రభువునందు నిద్రించి రెండేండ్లయింది. ఎనిమిదేండ్ల పాప ఉంది. మేము వెళ్లేసరికి ఆ పాప రెండు జడలతో వాకిట నిలబడి ఉంది. ఒక జడ చెవి మీదికి, మరొకటి మెడ మీదికి ఉన్నాయి. మాతో వచ్చిన ఒక పెద్దమ్మగారు ఆ జడ సవరించబోతూ, "పాపం, తల్లి లేని పిల్ల గదమ్మా! మగవాడు ఏం చేయగలడు?" అన్నారు. మేమూ తల ఊపాము. పాప మాత్రం జడను గట్టిగా పట్టుకొని, "విప్పొద్దు, మా నాన్న వేశాడు" అంది.

ఈ నెల పిట్టలను గూర్చి వ్రాయాలని ముందే అనుకున్నాము. తీరా వ్రాయ కూర్చుంటే ఆ జడే కళ్ల ముందు మెదిలింది. మగవాడు ఏం చేయగలడు? ఈ ప్రశ్ననే పిట్టల లోకములో అడిగి చూద్దాము.

మనకు బాగా తెలిసిన గిజిగాడితో మొదలుపెడదాము. బావుల మీదికి వంగిన తాటి, ఈత చెట్లకు వేలాడే ఆ గూళ్లను చూడని పల్లెటూరివారు ఉండరు. వాటిని అల్లేది మగపిట్టే. గడ్డిపోచలు, వరి ఆకులు సన్నగా చీల్చి తెచ్చి, ముక్కుతోనే ముడులు వేస్తుంది. గూడు సగమయ్యాక రెక్కలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల అంతా పరీక్షించి చూస్తుంది. నచ్చితేనే కాపురం, లేకపోతే మరో గూటికి వెళ్లిపోతుంది! నచ్చిన గూటిని మగపిట్ట పూర్తిచేస్తుంది. కాని ఆడపిట్ట గుడ్లు పెట్టగానే అది ఇంకొక గూడు కట్టుకోవడానికి పోతుంది. పొదిగే పని అంతా తల్లిదే. గిజిగాడు గొప్ప తాపీమేస్త్రీయే గాని, ఇల్లు కట్టడంతోనే తన పని అయిపోయిందనుకునే తండ్రి.

ఇక హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పిట్టను చూడండి. బూడిదరంగు హార్న్‌బిల్ మన తెలుగునాట మర్రి, రావి చెట్లున్న చోట కనిపిస్తుంది. గుడ్లు పెట్టే కాలము రాగానే ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి, తన రెట్టతోను మట్టితోను ద్వారాన్ని మూసివేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రమే మిగులుతుంది. లోపల ఉండగా ఆమె రెక్కల ఈకలు రాలి కొత్తవి వస్తాయి గనుక ఎగరలేదు. అన్ని వారాలూ మగపక్షి పండ్లు, పురుగులు తెచ్చి ఆ సందులోనుండి అందించాలి. పిల్లలు పుట్టాక వాటికీ అదే ఆధారము. బయట ఆ మగపక్షి వేటగాడి చేతికి చిక్కితే, లోపలి కుటుంబమంతా ఆకలి పాలవుతుంది. కనుక ఎవరైనా సరదాకు ఒక పిట్టను కొట్టినప్పుడు, చచ్చింది ఒక్కటేనని అనుకోరాదు.

రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాలలో పావురమంత పిట్టలు కొన్ని నేల మీదనే గుడ్లు పెడతాయి. ఇంగ్లీషులో వాటిని శాండ్‌గ్రౌస్ అంటారు. పిల్లలు ఎగరలేవు, దగ్గరలో నీళ్లుండవు. అందుకని తండ్రి దూరాన ఉన్న గుంటకు ఎగిరి వెళ్లి, నీళ్లలో పొట్టను ముంచి అటూ ఇటూ కదిలిస్తుంది. దాని పొట్ట ఈకలు దూదివలె నీటిని పీల్చుకుంటాయి. ఆ తడితో ఎగిరి వస్తే పిల్లలు కిందికి చేరి ఈకలను చీకి దాహము తీర్చుకుంటాయి. 1896లో ఇంగ్లండులో ఒకాయన తాను పెంచుకునే పక్షులలో ఈ వింత చూసి వ్రాస్తే చాలామంది నమ్మలేదు. 1967లో ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో పరిశోధకులు రుజువు చేశాకే లోకము ఒప్పుకుంది.

కొల్లేరు వంటి సరస్సులలో తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే పిట్టలున్నాయి. ఇంగ్లీషులో జకానాలంటారు. వీటి సంగతి మరీ వింత. ఆడది సాధారణంగా నాలుగు గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పొదిగేది తండ్రి, పెంచేది తండ్రి. ప్రమాదము వస్తే పిల్లలను రెక్కల కింద ఇరికించుకొని నడిచిపోతుంది. చూసేవారికి ఒక పిట్టకు పది కాళ్లున్నట్టు కనిపిస్తుంది!

మన ఇంటి చూరులోని పావురాల మాటేమిటి? అవి గుడ్లను వంతులవారీగా పొదుగుతాయి. సాధారణంగా పగలు ఎక్కువసేపు మగది, రాత్రి ఆడది. పిల్లలు పుట్టాక మొదటి రోజులలో వాటి ఆహారము మెడ కింది సంచిలో ఊరే పాలవంటి పదార్థము. అది తల్లిలోనే కాదు, తండ్రిలో కూడా ఊరుతుంది. బాలయేసును దేవాలయమునకు తెచ్చినప్పుడు మరియ యోసేపులు అర్పించినది గువ్వల జతయో, పావురపు పిల్లలో అని లూకా వ్రాశాడు. బీదవారి అర్పణ అది. ఆ బీద పిట్టకు కూడా దేవుడు ఎంత గొప్ప ఏర్పాటు చేశాడో గదా!

పిట్టలను చూసి మనుష్యుల పాపపుణ్యాలు లెక్క కట్టకూడదు. అవి తమకు ఇచ్చిన స్వభావము ప్రకారము నడుచుకుంటాయి, అంతే. గిజిగాడు దోషి కాదు, జకానా పరిశుద్ధుడు కాదు. అయినా సృష్టికర్త పిల్లల పెంపకాన్ని ఒక్క పద్ధతికే కట్టివేయలేదని, మగవానికి లాలన చేతకాదని ఆయన ఎక్కడా వ్రాసి పెట్టలేదని వీటిని చూస్తే తెలుస్తుంది.

ప్రభువు మాట జ్ఞాపకము చేసుకుందాము. యెరూషలేమును చూచి దుఃఖపడిన వేళ ఆయన తనను కోడితో పోల్చుకున్నాడు. రెక్కల కింద పిల్లలను చేర్చుకునే తల్లికోడితో! తల్లి ప్రేమను తనకు అన్వయించుకోవడం ఆయన చిన్నతనముగా ఎంచలేదు. మరి మన సంఘములలో భార్యను పోగొట్టుకొని అన్నము కలిపే తండ్రిని, జడ వేసే తండ్రిని మనము జాలిగా చూడడమెందుకు? ఇంట తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నా, జీతము తెచ్చి ఇస్తే చాలు అనుకునే మనలో కొందరము గిజిగాళ్లము కామా?

మరుసటి ఆదివారము ఆ పాప మందిరానికి వచ్చింది. ఈసారి జడలు కొంచెము సమముగా ఉన్నాయి. ఆరాధన అయ్యాక ఆ సహోదరుని దగ్గరకు వెళ్లి, ఆ రోజు తల ఊపినందుకు క్షమించమని అడిగాము. ఆయన నవ్వి, "రిబ్బను ముడి ఇంకా రావడం లేదండి, ఎవరైనా నేర్పితే బాగుండును" అన్నాడు. మా ఇంటావిడ అక్కడే మెట్ల మీద కూర్చుని నేర్పింది. ఆ పెద్దమ్మగారు రిబ్బను పట్టుకున్నారు.

మీ సంఘములో కూడా అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. జాలి మాటలు మాని, రిబ్బను ముడి నేర్పడానికి వెళ్లండి. ప్రభువు మీ గృహములను తన రెక్కల నీడలో కాచును గాక.